పారిస్ పాటిస్సెరీలో మాకరాన్, టీ: రుచి తెలిసేలా తినడం ఎలా

పారిస్‌లో పేరున్న పాటిస్సెరీలోకి (కేకులు, పేస్ట్రీలు అమ్మే కొట్టులోకి) అడుగుపెట్టి, గాజు అరల వెనక వరసగా పేర్చిన ఇరవై రంగుల మాకరాన్లు చూశాక చేయి ఆగడం కష్టం. అన్నింట్లో ఒక్కొక్కటి పెట్టించుకుని ఒకదాని వెంట ఒకటి నోట్లో వేసుకుంటే ఐదోదానికల్లా రుచులన్నీ ఒకటే అయిపోతాయి: చక్కెర. తప్పు మాకరాన్‌ది కాదు, తిన్న వరసది. పక్కన టీ పొగలు కక్కుతూ ఉంటే మిగిలిన కాస్త రుచీ దాంతోపాటే పోతుంది. మనిషికి నాలుగు మాకరాన్లు, ఒక టీపాట్, ఒక గంట తీరిక. ఇవి చాలు. ఇంతకుమించి తెప్పించుకుంటే ఖర్చు పెరుగుతుందే గానీ రుచి పెరగదు.

ముందు పేరు సంగతి. ఫ్రెంచివాళ్లు చివర 'న్' పలకరు, ముక్కుతో లాగి వదిలేస్తారు. మనం రాయడం మానేసిన అరసున్న ఇక్కడ పనికొస్తుంది: మకరోఁ. కొబ్బరి తురుముతో చేసే మాకరూన్ వేరే వంటకం, రెండింటినీ కలపకండి. మాకరాన్‌లో పైన ఒకటి, కింద ఒకటి రెండు పెంకులు, మధ్యలో క్రీమ్ ఉంటాయి. బాదం పొడి, ఐసింగ్ షుగర్, చక్కెరతో గిలక్కొట్టిన గుడ్డు తెల్లసొన, ఈ మూడే పెంకుకు సరుకులు. ఇందులో గోధుమపిండి ఉండదు.

రెండు పెంకుల రూపం మరీ పాతదేమీ కాదు. నాన్సీ, అమియాఁ, సేంతెమిలియోఁ లాంటి ఊళ్లలో ఇప్పటికీ క్రీమ్ లేకుండా, పగుళ్లతో, బిస్కెట్‌లా ఉండే మాకరాన్లు చేస్తారు. రెండింటిని క్రీమ్‌తో అతికించే పద్ధతి 20వ శతాబ్దపు పారిస్‌ది. ఆ ఘనతను లాదురే అనే పారిస్ పాటిస్సెరీకి చెందిన పియేర్ దెఫోంతేన్‌కు ఇస్తుంటారు. గులాబీ, లీచీ, రాస్బెర్రీ కలిపిన 'ఇస్ఫహాన్', పాల చాక్లెట్‌కు పాషన్ ఫ్రూట్ జోడించిన 'మొగదోర్' లాంటి రుచులతో దీన్ని మరో మెట్టు ఎక్కించింది పేస్ట్రీ చెఫ్ పియేర్ ఎర్మే.

1. చోటు, వేళ

కూర్చుని తాగే చోటును 'సలోఁ ద తే' అంటారు. మాకరాన్లు అమ్మే ప్రతి కొట్టులోనూ అది ఉండదు. పియేర్ ఎర్మే కొట్లలో చాలావాటిలో కౌంటరు మాత్రమే ఉంటుంది, పెట్టె కట్టించుకుని బయటికి రావాల్సిందే. 1862లో బేకరీగా మొదలైన లాదురేకు ర్యూ రోయాల్ వీధిలో కూర్చునే గదులున్నాయి. మీకు టీయే ముఖ్యమైతే 1854 నుంచి నడుస్తున్న మరియాజ్ ఫ్రేర్‌కు వెళ్లండి. మరే పేటలో, ర్యూ దు బూర్-తిబూర్‌లో ఉన్న వాళ్ల కొట్లో టీ జాబితా ఒక చిన్న పుస్తకమంత ఉంటుంది. ర్యూ ద రివోలిలోని ఆంజెలినాకు (1903) పేరు తెచ్చింది చిక్కటి హాట్ చాక్లెట్, చెస్ట్‌నట్ ముద్దతో చేసే మోఁ బ్లాఁ అనే కేకు. అక్కడికి వెళ్తే అవే అడగండి, మాకరాన్ పని ఇంకోచోట చూసుకోండి.

పని రోజుల్లో పొద్దున పదిన్నర నుంచి పదకొండున్నర దాకా, లేదంటే మధ్యాహ్నం మూడు లోపు మంచి వేళలు. నాలుగింటికి ఫ్రెంచివాళ్ల 'గూతే', అంటే సాయంత్రపు చిరుతిండి వేళ. అప్పుడు వరసలో నిలబడాలి, టేబులు దొరికినా వడ్డించేవాళ్లకు మీతో నాలుగు మాటలు మాట్లాడే తీరిక ఉండదు. భోజనమయ్యాక రెండు గంటలు ఆగి వెళ్లండి. మరీ ఆకలి మీద వెళ్లినా చిక్కే, మొదటి మాకరాన్ రుచి తెలియకుండానే గొంతు దిగిపోతుంది. వెళ్లేముందు కాఫీ, పుదీనా చూయింగ్ గమ్, ఘాటైన సెంటు వద్దు. పుదీనా చల్లదనం నాలుక మీద ఉన్నంతసేపు వనిలా వాసన అందదు.

2. తలుపు దగ్గర

లోపలికి వెళ్లగానే 'బోఁజూర్ మదామ్' అనో 'బోఁజూర్ మిస్యూ' అనో పలకరించండి. పారిస్‌లో ఇది మర్యాద కోసం అనే మాట మాత్రమే కాదు. అది అనకుండా నేరుగా ఏం కావాలో చెబితే ముఖం ముడుచుకుంటారు, ఆ తర్వాత సేవ కూడా అలాగే ఉంటుంది. టేబులు ఖాళీగా కనబడినా వాళ్లు చూపించేదాకా కూర్చోవద్దు. అక్కడే తింటే 'సూర్ ప్లాస్', కట్టించుకుంటే 'ఆఁపోర్తే'. ఈ రెండింటికీ ధర వేరుగా ఉంటే ఆశ్చర్యపోకండి. కూర్చుని తినేదాని మీద పన్ను 10 శాతం, కట్టించుకెళ్లే పేస్ట్రీల మీద 5.5 శాతం. టేబులు, పింగాణీ, వడ్డన ఖర్చులు దానికి అదనం. సేవా రుసుము మెనూ ధరలోనే కలిసి ఉంటుంది కాబట్టి టిప్పు తప్పనిసరి కాదు. నచ్చితే ఒకటి రెండు యూరోలు బల్ల మీద వదిలి రావచ్చు.

ఎలర్జీలు, పట్టింపులు ఉంటే ఆర్డరుకు ముందే చెప్పాలి. బాదం లేని మాకరాన్ దాదాపు ఉండదు, గుడ్డు లేనిది అరుదు. గుడ్డు తిని మాంసం ముట్టని శాకాహారులు రెండు విషయాలు అడగాలి: లోపలి క్రీమ్‌లో జెలటిన్ (జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది) వేశారా, ఎరుపు రంగు ఇ120తో వచ్చిందా. ఇ120 అంటే కొచినీల్ పురుగు నుంచి తీసే కార్మైన్. రాస్బెర్రీ, స్ట్రాబెర్రీ పెంకుల్లో ఇది ఉండే అవకాశం ఎక్కువ. గోధుమ పడనివాళ్లు పెంకులో పిండి లేదని ధీమా పడవద్దు. అదే వంటగదిలో గోధుమపిండి క్రువాసాఁలు కూడా తయారవుతుంటాయి, కొన్ని క్రీముల్లో బిస్కెట్ పొడి కలుపుతారు.

3. నాలుగింటిని ఎంచుకోవడం

మొదటిది ఎప్పుడూ సాదా రుచి కావాలి. వనిలా గానీ, ఉత్త బాదం గానీ. ఆ పాటిస్సెరీ చేతి పనితనం తెలిసేది దాంతోనే, ఎందుకంటే అందులో లోపం దాచడానికి పులుపూ లేదు, చాక్లెట్టూ లేదు. రెండోది గింజ రుచి: పిస్తా, హేజెల్‌నట్. మూడోది పులుపు: నిమ్మ, రాస్బెర్రీ, పాషన్ ఫ్రూట్. ఆఖరుది బరువైనది: ఉప్పు కలిపిన కారమెల్, కాఫీ, చాక్లెట్. గులాబీ, నారింజ పువ్వు లాంటి పూల రుచి కావాలంటే వనిలా స్థానంలో పెట్టుకోండి.

ఈ వరసను తిరగేస్తే జరిగేది ఇది. చాక్లెట్ గనాష్‌లోని (చాక్లెట్, మీగడ కలిపిన క్రీమ్‌లోని) కోకో వెన్న నాలుక మీద పొరలా పరుచుకుంటుంది. దాని మీద వచ్చే గులాబీ వాసనకు చోటుండదు. పులుపు ముందు తింటే తర్వాత వచ్చే వనిలా ఉత్త తీపిలా చప్పగా తోస్తుంది. అందుకే తేలిక నుంచి బరువుకు, సాదా నుంచి గాఢానికి.

అరలో ఉన్నవాటిని కంటితోనే సగం పరీక్షించవచ్చు. మంచి మాకరాన్ నాలుగు, ఐదు సెంటీమీటర్ల వెడల్పుంటుంది. పైభాగం నున్నగా, కాస్త ఉబ్బెత్తుగా, అద్దంలా కాకుండా మెత్తని మెరుపుతో ఉంటుంది. కింది అంచు చుట్టూ పరికిణీ కుచ్చులా గరుకైన పట్టీ కనిపిస్తుంది. ఫ్రెంచివాళ్లు దాన్ని 'కొలెరెత్' అంటారు, 'పియే' (పాదం) అని కూడా పిలుస్తారు. అది చుట్టూ ఒకే ఎత్తులో, పెంకు అంచు దాటి బయటికి పొంగకుండా ఉండాలి. ఒక పక్క ఎత్తు, ఇంకో పక్క లేకుండా పోయిందంటే ఓవెన్‌లో గాలి సమంగా తిరగలేదు, లేదా పిండిని పోసేటప్పుడు సంచీ ఒరిగింది. పైన పగులు ఉంటే, పోసిన తర్వాత పై పొర ఆరేదాకా ఆగకుండా ఓవెన్‌లో పెట్టారు, లేదా కింది వేడి ఎక్కువైంది. నూనె మచ్చల్లాంటివి కనిపిస్తే బాదం నూనె బయటికి వచ్చిందని అర్థం: పిండిని అతిగా కలిపారు.

రంగును నమ్మవద్దు. చిలకపచ్చ పిస్తా మాకరాన్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ, అసలు పిస్తా ముద్ద రంగు కాస్త మట్టి కలిసిన ఆకుపచ్చ. నోట్లో వేసుకోగానే పిస్తా బదులు చేదు బాదం ఎసెన్సు వాసన గుప్పుమంటే అందులో పిస్తా తక్కువ, సువాసన ద్రవం ఎక్కువ. వనిలా మాకరాన్ పాలలా తెల్లగా లేదని మాత్రం వంక పెట్టకండి. తెల్లదనం కోసం ఒకప్పుడు వాడిన టైటానియం డయాక్సైడ్‌ను (ఇ171) ఫ్రాన్స్ 2020 జనవరి నుంచి ఆహారంలో ఆపేసింది, ఐరోపా సమాఖ్య 2022లో నిషేధించింది. ఇప్పుడు కనిపించే దంతపు రంగే సహజం. మధ్యలో నల్లని చుక్కలు ఉంటే అవి వనిలా గింజలు.

4. టీ ఎంపిక

ఇక్కడ కాస్త నెమ్మదిగా ఆలోచించాలి. మాకరాన్ ఎలాగూ తీపి, కాబట్టి టీ నుంచి మనకు కావలసింది తీపి కాదు, వగరు. టీలోని టానిన్లు లాలాజలంలోని ప్రొటీన్లతో కలిసి నోరు ఆరినట్టు చేస్తాయి. క్రీమ్ వల్ల ఏర్పడిన జిడ్డును తుడిచేది ఆ వగరే. వెచ్చదనం కోకో వెన్నను, వెన్నను కరిగిస్తుంది. అంటే టీ ఇక్కడ రెండు పనులు చేయాలి: నోరు శుభ్రం చేయడం, మాకరాన్ వాసనకు అడ్డు రాకపోవడం.

రెండో పనిలో తప్పేవి సువాసనలు కలిపిన టీలు. పారిస్ వాళ్లకు అవంటే ప్రాణం. మరియాజ్ ఫ్రేర్ వారి 'మార్కో పోలో' ప్రసిద్ధమైంది కూడా అలాంటి మిశ్రమంగానే. విడిగా తాగితే అది చాలా బాగుంటుంది. గులాబీ మాకరాన్ పక్కన పెడితే మాత్రం పండ్ల వాసన, పూల వాసన పోట్లాడుకుంటాయి, రెండూ ఓడిపోతాయి. ఎర్ల్ గ్రే టీలోని బెర్గమాట్ (నిమ్మజాతి పండు) నూనె కూడా అంతే, నిమ్మ, చాక్లెట్ రుచులతో తప్ప మిగతావాటితో పొసగదు. సువాసనల టీ తాగాలని ఉంటే అన్నీ అయ్యాక, విడిగా తాగండి.

నాలుగు మాకరాన్లకూ ఒకే టీపాట్ తెప్పించుకునేట్టయితే వేసవి కోత డార్జిలింగ్ అడగండి. మెనూలో 'ఎతే' అని గానీ సెకండ్ ఫ్లష్ అని గానీ ఉంటుంది. పండిన ద్రాక్షను గుర్తుచేసే వాసన, సరిపడా వగరు, వనిలాను మింగెయ్యని తేలికదనం దానికున్నాయి. వసంతపు కోత ('ప్రెంతాఁ') ఇంకా సున్నితం, అది పూల రుచులకు, నిమ్మకు అద్భుతంగా కుదురుతుంది, చాక్లెట్ ముందు మాత్రం నిలబడలేదు. పేరు పక్కన ఎఫ్‌టీజీఎఫ్‌ఓపీ లాంటి అక్షరాలు చూసి కంగారు పడకండి. అవి ఆకు సైజును, అందులో మొగ్గలు ఎంత ఉన్నాయో చెబుతాయే గానీ రుచిని కాదు. అందులోని 'ఓ' అంటే 'ఆరెంజ్', కానీ ఆ మాటకు నారింజ పండుతో సంబంధమే లేదు.

ఇద్దరు కలిసి వెళ్తే రెండు వేర్వేరు టీలు చెప్పి పంచుకోవడం తెలివైన పని. ఒకటి తేలికది, ఒకటి చిక్కటిది. తేలిక టీ కింద తక్కువ పులిసిన తైవాన్ ఊలాంగ్ బాగుంటుంది. దాని వెన్నలాంటి నునుపు వనిలాతో చక్కగా కలుస్తుంది. పిస్తాకు జపాన్ గ్రీన్ టీ సెంచా గానీ, వేయించిన బియ్యం కలిపే గెన్మైచా గానీ. రాస్బెర్రీకి పైన చెప్పిన వేసవి డార్జిలింగే మేలు. ఉప్పు కారమెల్‌కు అస్సాం, లేదా ఆకును వేయించి చేసే హోజిచా. చాక్లెట్‌కు చైనాలో పులియబెట్టి చేసే పూ-ఎర్, లేదా పైన్ కట్టెల పొగ పట్టించిన లాప్సాంగ్ సూచాంగ్. పొగ టీ అందరికీ నచ్చదు, నచ్చినవాళ్లు మాత్రం చేదు చాక్లెట్‌తో ఇంకొకటి తాగరు.

5. టీ బల్ల మీదికి వచ్చాక

మొదట చూడాల్సింది ఆకు లోపలే ఉందా, తీసేసి తెచ్చారా అని. టీ మీద శ్రద్ధ ఉన్న చోట ఆకును వంటగదిలోనే తీసేసి పంపుతారు, కొన్నిచోట్ల జల్లెడబుట్టతో సహా పెట్టి పోతారు. లోపల ఉంటే సమయం చూసుకోవడం మీ పని. సెంచాకు 70 డిగ్రీల నీళ్లు, ఒకటి నుంచి రెండు నిమిషాలు. వసంతపు డార్జిలింగ్‌కు 85 నుంచి 90 డిగ్రీలు, మూడు నిమిషాలు. వేసవి డార్జిలింగ్, అస్సాం లాంటి బ్లాక్ టీలకు 90, 95 మధ్య, మూడు నుంచి ఐదు నిమిషాలు. ఊలాంగ్‌కు 85 నుంచి 95, రకాన్ని బట్టి మూడు నుంచి ఐదు నిమిషాలు. కప్పుకు రెండు, రెండున్నర గ్రాముల ఆకు లెక్క. సమయం కాగానే బుట్ట బయటికి తీసి సాసరులో పెట్టేయండి. ఆ మొహమాటం వద్దు. పది నిమిషాలు నానిన ఆకు వగరును దాటి చేదులోకి వెళ్తుంది, ఆ చేదు మీద మాకరాన్ తీపి ఇంకా వెగటుగా ఉంటుంది.

గ్రీన్ టీ మొదటి గుక్కలోనే చేదుగా ఉంటే నీళ్లు మరీ మరిగినవి పోశారన్నమాట. మర్యాదగా చెప్పి మార్పించుకోవచ్చు. బ్లాక్ టీ మీద తెట్టులాంటి పలచటి పొర కనిపిస్తే కంగారు పడకండి: పారిస్ కుళాయి నీళ్లలో సున్నం ఎక్కువ, ఆ ఖనిజాలు టీతో కలిసి పొర కడతాయి. దాంతో వాసన కూడా మందగిస్తుంది. అందుకే మంచి టీ గదులు నీటిని వడకట్టి వాడతాయి.

పాలు, పంచదార వద్దు. పాలలోని ప్రొటీన్లు టానిన్లను పట్టేసుకుంటాయి, మనకు కావలసిన వగరు అక్కడే పోతుంది. అస్సాంతో కారమెల్ తినేటప్పుడు పాలు కావాలనిపిస్తే 'లే ఫ్రువా' (చల్లని పాలు) అడిగి ఒక్క చెంచా పోసుకోండి. నిమ్మ ముక్క పెడితే పక్కన పెట్టేయండి. ఒక గ్లాసు మంచినీళ్లు మాత్రం తప్పక అడగాలి, 'ఉన్ కారాఫ్ దో' అంటే సీసా నీళ్లు కాకుండా కుళాయి నీళ్ల జాడీ తెస్తారు.

కప్పులో పోశాక నాలుగైదు నిమిషాలు ఆగండి. 65 డిగ్రీలకు మించిన వేడి నాలుకను మొద్దుబారుస్తుంది. కప్పును రెండు చేతుల్లో ఇబ్బంది లేకుండా పట్టుకోగలిగితే తాగే వేడికి వచ్చినట్టే.

6. తినడం

మాకరాన్ ముట్టుకునే ముందే టీ ఒక గుక్క తాగండి. ఇది మరవొద్దు. ఒకసారి చక్కెర నోట్లో పడ్డాక టీలో సహజంగా ఉండే తీపి తెలియదు, అసలుకన్నా చేదుగా తోస్తుంది. టీ సొంత రుచి ఏమిటో తెలిసేది ఈ మొదటి గుక్కలోనే.

ఇప్పుడు మాకరాన్‌ను బొటనవేలు, చూపుడువేలితో పక్కల నుంచి, కుచ్చు ఉన్నచోట పట్టుకోండి. పైనా కిందా నొక్కితే పెంకు చిట్లుతుంది. వేలికి జిగురుగా తగిలితే ఫ్రిజ్‌లోంచి తీయగానే తడి పట్టిందన్నమాట. మంచులా చల్లగా ఉంటే ప్లేటులో పెట్టి పావుగంట టీతో కాలక్షేపం చేయండి, చల్లటి వెన్నకు వాసన ఉండదు. ముక్కు దగ్గర పెట్టి వాసన చూడండి. చెప్పిన రుచి కన్నా ముందు బాదం వాసన తగలాలి. పాతబడిన నూనె వాసన వస్తే బాదం పొడి నిల్వది.

సగానికి కోయాలంటే కత్తిని నొక్కకుండా రంపంలా ఆడించాలి. వాళ్లిచ్చే బల్లకత్తి మొద్దుగా ఉంటే ఆ ప్రయత్నం మానేసి ముందు పళ్లతో సగం కొరికేయండి, ఎవరూ ఏమీ అనుకోరు. కొరికిన తర్వాత మిగిలిన సగాన్ని తిప్పి లోపలి వైపు చూడండి. పైన గుడ్డు పెంకంత పలచని పొర. దాని కింద తేమగా, చిన్న చిన్న గాలి గదులతో బాదం ముద్ద. ఆ రెంటికీ మధ్య చిటికెన వేలి గోరు దూరేంత డొల్ల ఉంటే తెల్లసొనను అతిగా గిలక్కొట్టారు, లేదా లోపల ఉడకకముందే ఓవెన్ నుంచి తీశారు. క్రీమ్ మందం ఒక పెంకు మందానికి దగ్గరగా, అంచుదాకా ఉండాలి. మధ్యలో చుక్క పెట్టి అంచులు ఖాళీగా వదిలేసిన మాకరాన్‌కు మూడు యూరోలు ఇవ్వడం దండగ.

నోట్లో పడ్డ మొదటి క్షణం చెవి పని: 'కరుక్' కాదు, చిన్న 'చిట్'. ఆ వెంటనే మెత్తదనం రావాలి. బిస్కెట్‌లా పొడిపొడిగా రాలితే ఎక్కువ సేపు కాల్చారు, లేదా చేసిన రోజే అమ్మేశారు. కొత్తగా చేసింది మేలనుకోవడం మాకరాన్ విషయంలో పొరపాటు. అతికించాక కనీసం ఒక రోజు ఫ్రిజ్‌లో ఉంచితేనే క్రీమ్‌లోని తేమ పెంకులోకి ఎక్కి లోపల మెత్తబడుతుంది. దానికి వ్యతిరేకంగా పెంకు పళ్లకు అంటుకుంటూ, పై పొర చిట్ అనకుండా ఉంటే రోజులు మించిపోయాయి.

నాలుగైదు సార్లకు మించి నమలకుండా నాలుకతో అంగిలికి అదమండి. నోరు మూసి ముక్కుతో గాలి వదలండి. వాసన నిజంగా తెలిసేది అప్పుడే. ముందు చక్కెర, ఆ వెనక బాదం, తర్వాత లోపలి రుచి ఒకదాని వెనక ఒకటి వస్తాయి. మింగాక పది సెకన్లు ఆగి, అప్పుడు టీ. చిన్న గుక్క, నోరంతా తిప్పి మింగండి. జిడ్డు కరిగిపోయి బాదం మళ్లీ పైకి తేలితే ఆ జంట కుదిరినట్టు. టీ చేదొక్కటే మిగిలితే కుదరనట్టు.

రెండో సగాన్ని ఆ వెచ్చటి నోటితోనే, టీ మింగిన వెంటనే తినండి. అదే మాకరాన్ ఇప్పుడు వేరుగా ఉంటుంది: క్రీమ్ త్వరగా కరుగుతుంది, వాసన ముందే అందుతుంది. కారమెల్‌లో ఉప్పు, గనాష్‌లో చాక్లెట్ చేదు ఈ రెండో సగంలోనే బాగా తెలుస్తాయి. టీలో ముంచి తినే ఆలోచన మాత్రం పెట్టుకోకండి. పెంకులో చక్కెర ఎక్కువ, రెండు క్షణాల్లో కరిగి కప్పు అడుక్కి చేరుతుంది.

ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఐదు నిమిషాలు, రెండు గుక్కల మంచినీళ్లు. ఫోన్‌లో రెండు ముక్కలు రాసుకుంటే మంచిది: పెంకు ఎలా ఉంది, ఏ రుచి ముందొచ్చింది, టీ తర్వాత ఏం మిగిలింది. 'బాగుంది' అని రాస్తే వారం తర్వాత పనికిరాదు. మూడోదానికి నోరు వెగటుగా ఉంటే అక్కడితో ఆపి నాలుగోది కట్టించుకోండి. బిల్లుకు 'లాదిస్యోఁ, సిల్ వూ ప్లే'. అడిగేదాకా తేరు. అది నిర్లక్ష్యం కాదు, మిమ్మల్ని లేవమని తొందరపెట్టడం అక్కడ మర్యాద కాదు.

7. పెట్టె కట్టించుకుంటే

వరసగా నిలబెట్టి పేర్చే గట్టి పెట్టె అడగండి, కాగితం సంచీలో వేస్తే గదికి చేరేసరికి సగం చిట్లుతాయి. పెట్టెను పడుకోబెట్టే మోయాలి. ఎండలో తిరిగే పని ఉంటే కొనడం ఆఖరున పెట్టుకోండి. గదికి రాగానే ఫ్రిజ్‌లో, 4 డిగ్రీల దగ్గర, మూత గట్టిగా పెట్టి ఉంచాలి. పక్కన చీజ్, ఉల్లిపాయ ఉంటే ఆ వాసనలన్నీ బాదం పీల్చేసుకుంటుంది. మూడు నుంచి ఐదు రోజుల్లో తినేయండి, తాజా పండ్ల క్రీమ్ ఉన్నవి ముందు, చాక్లెట్‌వి తర్వాత.

తినే అరగంట ముందు పెట్టెను మూత తీయకుండా బయట పెట్టండి. చాక్లెట్ గనాష్‌వైతే గంట. మూత తీసి పెడితే గదిలోని తేమ నేరుగా చల్లటి పెంకుల మీద చెమ్మగా పేరుకుని అవి జిగురెక్కుతాయి. మూసి ఉంటే ఆ చెమ్మ పెట్టె బయటి గోడలకే పడుతుంది. ఎక్కువ రోజులు దాచాలంటే గాలి చొరని డబ్బాలో డీప్ ఫ్రీజర్‌లో పెట్టొచ్చు, మాకరాన్ దాన్ని బాగానే తట్టుకుంటుంది. బయటికి తీసేటప్పుడు మాత్రం ముందు ఒక రాత్రి ఫ్రిజ్‌లో, ఆ తర్వాత బల్ల మీద, రెండుచోట్లా మూతతోనే.